కళ్ళు పెట్టిన గుమ్మడికాయ

ఖతార్‌లోని దుఖాన్‌లో మా చమురు కంపెనీ క్వార్టర్స్ అన్నీ ఒకేలా ఉంటాయి. లేత గోధుమరంగు గోడలు, ముందు మూడు మెట్లు, పక్కన కారు షెడ్డు, వెనక బట్టలారేసుకోవడానికి చిన్న పెరడు. కొత్తగా వచ్చినవాళ్ళు పక్కింటి తలుపు తట్టి నాలిక కరుచుకోవడం మామూలే. అందుకేనేమో, ఏడాదికోసారి మెట్ల మీద ఏదైనా పెట్టుకునే అవకాశం దొరికితే ఆడవాళ్ళం ఎగబడతాం.

హాలోవీన్ మా పండగేం కాదు. పిల్లలు స్కూల్లో నేర్చుకొచ్చారు, మేం కాదనలేకపోయాం. గేటు బయట ఏమీ పెట్టకూడదు, చప్పుడు చెయ్యకూడదు అని మాలో మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వెనక వీధిలో ఉండే ఉమేరా ఈ పోటీ నడుపుతుంది. హైదరాబాద్ అమ్మాయి, మాటంటే మాటే. గుమ్మడికాయ చెక్కి, మెట్ల మీద అలంకరించి, మూడు ఫొటోలు గ్రూపులో పెట్టాలి. పగటి వెలుగులో ఒకటి, సందెవేళ ఒకటి, లోపల దీపం వెలిగించి చీకట్లో ఒకటి. అక్టోబరు ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం ఏడింటిలోగా పంపాలి. ఏడూ ఒకటికి పంపితే తీసుకోదు. కిందటేడు నాకు రెండో స్థానం వచ్చింది. ఎవరో మూడు మూలల కళ్ళూ వంకర నోరూ కోసిన కాయకి మొదటిదిచ్చారు. ఆ మంట నాకు ఏడాదంతా చల్లారలేదు. ఇంత చిన్నదానికి అంత ఉడుకుమోత్తనం ఏమిటని మా ఆయన నవ్వేవాడు. నవ్వనీ, నేను అలాంటిదాన్నే.

ఈసారి మా చరిత మొహం చెక్కాలనుకున్నాను. దానికి ఆరేళ్ళు. "నా మొహం చెయ్యమ్మా" అని అదే అడిగింది. మొహం చెక్కడమంటే చిల్లులు పొడవడం కాదు. ఫొటోని కాగితం మీద పెద్దగా తీయించి, కాయకి అంటించి, గీతల వెంట గుండుసూదితో పొడుచుకుంటూ పోవాలి. తరవాత పైతోలు తీసి గీరాలి. ఎంత లోతుగా గీరితే లోపలి దీపం అక్కడ అంత వెలుగుతుంది. తోలు ఉంచేసిన చోట చీకటి. ముక్కు, చెంపలు, పెదవి అంచు అన్నీ ఆ వెలుగునీడల్లోనే తేలతాయి. కంటికి మాత్రం తెల్లగుడ్డంతా గీరి, మధ్యలో నల్లగుడ్డు మేరకి తోలు అలాగే వదిలెయ్యాలి. కళ్ళు ఆఖర్న చెక్కుతాం. అవి పడ్డాకే అదెవరో తెలుస్తుంది.

దోహా దగ్గరి ఉమ్ సలాల్ కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి రెండు కాయలు తెచ్చుకున్నాం. పెద్దది చెక్కడానికి, చిన్నది గుండ్రంగా ముద్దుగా ఉందని. తెచ్చిన రాత్రే చరితకి జ్వరం మొదలైంది. తొమ్మిది రోజులు వదల్లేదు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు, వైరల్ అన్నారు, మందులు మార్చారు. పిల్ల అన్నం ముద్ద ముట్టలేదు. కళ్ళు లోపలికి పోయి, పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేక పడుకునేది. నేను మంచం పక్కన కూర్చుని ఆ పెద్దకాయ మీద దాని మొహమే గీరుతూ ఉండేదాన్ని. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందేమో అనిపించేది.

మా అత్తగారు సుబ్బలక్ష్మిగారు తుని నుంచి విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తొమ్మిదో రోజు, గురువారం సాయంత్రం, ఇక ఆగలేకపోయారు. బూడిద గుమ్మడికాయ దొరకలేదని ఆ చిన్నకాయే తీసుకుని, పైన కర్పూరం వెలిగించి, చరిత చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీశారు. నేను నమ్ముతానా అంటే చెప్పలేను. చేతులు జోడించుకుని నిలబడ్డాను. గంటలో పిల్లకి ఒళ్ళంతా చెమట పట్టి నుదురు చల్లబడింది. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

దిష్టి తీసిన కాయని అప్పటికప్పుడు నాలుగు దార్ల కూడలిలో పగలగొట్టాలి. అది మగవాళ్ళ పని. మా ఆయన అసలు పేరు కామేశ్వరరావు, అందరికీ బాబీ. ఆయిల్ ఫీల్డులో పన్నెండు గంటల డ్యూటీలో ఉన్నాడు, రాత్రి అక్కడే పడుకుని మర్నాడూ డ్యూటీ చేసి వస్తాడు. క్వార్టర్స్ రోడ్డు మీద గుమ్మడికాయ కొడితే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో అని నాకు మొహమాటం. శుక్రవారం డ్యూటీ దిగి వచ్చాక బాబీ కారులో తీసుకెళ్ళి ఊరి బయట కొట్టొస్తాడని తేల్చుకున్నాం. అత్తయ్య దాన్ని పెరట్లో పెట్టి పైన బకెట్ బోర్లించారు. దాన్ని ముట్టుకోవద్దని ఒక్కమాట చెప్పి ఊరుకున్నారు.

శుక్రవారమే ముప్పై ఒకటో తారీఖు, మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళి చూస్తే నా పెద్దకాయ కూలిపోయి ఉంది. ముందురోజు హడావుడిలో దాన్ని ఏసీ గదిలో పెట్టడం మరిచిపోయాను. దుఖాన్ ఉక్క సంగతి తెలిసిందే, చెక్కిన కాయ ఒక్క రాత్రి ఆగదు. ఒక చెంప జారిపోయింది, లోపలంతా తెల్లటి బూజు. తొమ్మిది రోజుల పని. దోహాకి గంట ప్రయాణం, కారు బాబీ దగ్గర, ఇక్కడి షాపుల్లో గుమ్మడికాయలు ఎప్పుడో అయిపోయాయి. అత్తయ్యా చరితా లోపల నిద్రపోతున్నారు. నేను ఆ కుళ్ళిన కాయని సంచిలో కట్టి బయట చెత్తడబ్బాలో పడేసి, పెరట్లోకి వెళ్ళి బకెట్ ఎత్తాను.

తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. అంతా తెలిసే చేశాను. పైన కర్పూరం కాలిన నల్లమచ్చ ఒక్కటే ఉంది, మూత కోసేది ఎలాగూ అక్కడే. చెక్కుతాను, ఫొటోలు తీస్తాను, మళ్ళీ బకెట్ కింద పెట్టేస్తాను. బాబీ వచ్చి కొడతాడు. చెక్కిన కాయ మాత్రం పగలదా ఏం? పిల్లకి జ్వరం తగ్గిపోయింది కదా, ఇంకేం భయం... అలా నాకు నేనే చెప్పుకున్నాను.

మూత కోసి లోపల చెయ్యి పెట్టాను. గుమ్మడికాయ లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఇది వెచ్చగా ఉంది. ఎండలో బకెట్ కింద ఉంది కాబట్టి వేడెక్కిందనుకున్నాను. ఆ వేడి మాత్రం ఎండ వేడిలా లేదు. తొమ్మిది రోజులు పిల్ల వీపు మీద చెయ్యి వేసి చూసిన తల్లిని, ఆ వేడి నా చేతికి తెలుసు. గింజలు తీసి పారేసి, గోడలు పల్చబడేదాకా గీరి, ముక్కలన్నీ స్టీలు గిన్నెలో వేసి గట్టు మీద పెట్టాను.

పనైతే చకచకా సాగింది. పెద్దకాయకి తొమ్మిది రోజులు పట్టింది దీనికి రెండు గంటల్లో అయిపోయింది. ఎక్కడా తడుముకోలేదు. కొన్ని చోట్ల నేను గీరకముందే తోలు వదులై లేచి వస్తున్నట్టుంది. నాలుగైంది. మొదటి కన్ను పూర్తి చేశాను.

లోపలి గదిలోంచి చరిత దగ్గు వినిపించింది. వెళ్ళి చూశాను. అత్తయ్య ఒకవైపు తిరిగి నిద్రపోతున్నారు. చరిత వెల్లకిలా పడుకుని కళ్ళు తెరిచి ఉంది. నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉంది. ఏమ్మా అన్నాను. నా వైపు తిరగలేదు. వంటింటి గోడకేసి అలాగే చూస్తోంది. పడుకో బంగారం అని దుప్పటి కప్పి వచ్చి రెండో కన్ను చెక్కాను.

మెట్ల మీద చెక్కపెట్టె, దానిమీద కాయ, చుట్టూ ఎండిన మొక్కజొన్న ఆకులు, పక్కన చరిత చిన్న చెప్పుల జత. ట్రైపాడ్ మీద కెమెరా బిగించి పగటి ఫొటో తీశాను. అచ్చం చరితే. నవ్వీ నవ్వనట్టున్న మూసిన పెదవులతో సహా. ఉమేరా కళ్ళు తిరిగి పడిపోతుందని నాలో నేనే నవ్వుకున్నాను. అయిదు కాకుండానే పొద్దు వాలింది. మసీదులోంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తుండగా సందె ఫొటో తీశాను. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి, ఏసీ పెట్టెల రొద. ఫీల్డు వైపు ఆకాశం మీద గ్యాస్ మంటల ఎర్రదనం కనిపిస్తోంది.

బాగా చీకటి పడేదాకా ఆగి, వీధిగుమ్మం లైటు ఆర్పి, లోపల దీపం పెట్టి మూత వేశాను. మొహం ఒక్కసారిగా చీకట్లోంచి లేచి వచ్చింది. మూత వేడెక్కగానే కర్పూరం వాసన వచ్చింది. మచ్చ అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను. దాని వెనకే ఇంకో వాసన. జ్వరం పడ్డ పిల్ల దుప్పటి వాసన.

చీకట్లో ఫొటో అంటే షట్టర్ పదిహేను సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ పదిహేను సెకన్లూ కదలనిది ఏదైనా స్పష్టంగా పడుతుంది, కదిలింది చెరిగిపోతుంది. మొదటి ఫొటో చూశాను. చెక్కపెట్టె స్పష్టంగా ఉంది. ఆకుల ఈనెలు కూడా తెలుస్తున్నాయి. మొహం ఒక్కటే చెరిగిపోయింది.

దీపం రెపరెపలాడిందనుకుని రెండోది తీశాను. అదీ అంతే. మూడోది స్పష్టంగా వచ్చింది. హమ్మయ్య అనుకుని పెద్దది చేసి చూసుకున్నాను...

కళ్ళు నా కెమెరా వైపు లేవు.

నల్లగుడ్లు రెండూ ఎడమ మూలకి జరిగి ఉన్నాయి. నేను వాటిని సరిగ్గా మధ్యలో వదిలాను, నా చేతుల్తో. తలెత్తి కాయని చూశాను. మధ్యలోనే ఉన్నాయి. మళ్ళీ కెమెరాలో చూశాను. మూలకి ఉన్నాయి. పగలు తీసిన ఫొటో చూశాను, మధ్యలో. సందె ఫొటో... కొంచెం పక్కకి. కాయ జరగలేదు. మూత మీది తొడిమ మూడింటిలోనూ ఒకేచోట ఉంది. కళ్ళు మాత్రమే తిరిగాయి. కాయకి ఆ పక్కనున్నది చరిత గది కిటికీ.

నాలుగో ఫొటో పెట్టాను. ఈసారి కెమెరాని కాదు, కాయనే చూస్తూ నిలబడ్డాను. రెప్ప వెయ్యకూడదు అనుకున్నాను. ఒకటి... రెండు... మూడు... కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పదిహేను. ఏదీ కదల్లేదు. ఏదీ కదల్లేదని ఒట్టు వేసి చెప్పగలను.

ఫొటో తెరిచాను. అది నన్నే చూస్తోంది. లెన్స్ వైపు కాదు, లెన్స్ పక్కన నిలబడ్డ నా వైపు. నేను మూసి చెక్కిన పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి.

కాయ వెనక వీధితలుపు తెరుచుకుంది. అత్తయ్య. ఆవిడ మొహంలో ఎన్నాళ్ళకో సంతోషం. పిల్ల అన్నం తింటోందని చెప్పడానికి వచ్చారు. సగం చెప్పి ఆగిపోయారు. మెట్ల మీది వెలుగు చూశారు. చాలాసేపు చూశారు.

"ఏ కాయ అది?" అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

నేను కెమెరా ఆపేశాను.

"అమ్మాయ్... అది ఏ కాయ?"

"అదే, అత్తయ్యా."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. గోడ పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డారు. "ఇంటి గుమ్మానికి కట్టే కాయకి మొహం వేస్తాం. అది బయటికి చూస్తుంది. ఒంటి మీంచి తీసినదానికి కళ్ళు పెడతారుటే ఎవరైనా?" అని, పిల్లకి వినబడుతుందేమోనని ఇంకా గొంతు తగ్గించారు. "ఇందాకటిదాకా దానికి పిల్ల ఎక్కడుందో తెలీదు."

బాబీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాడి కోసం ఆగద్దు, నువ్వే కొట్టెయ్యి, మగాడూ ఆడదీ చూసుకునే వేళ కాదిది అన్నారు అత్తయ్య. అప్పుడే ఫోన్ మోగింది. పది నిమిషాలే ఉంది, నీ ఫొటోలేవీ అని ఉమేరా మెసేజ్. సిగ్గు విడిచి చెబుతున్నాను, పంపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణానికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

కాయని రెండు చేతులతో ఎత్తాను. లోపలంతా తవ్వేసిన కాయ బోలుగా, తేలిగ్గా ఉండాలి. అది నిద్రపోయిన పిల్లంత బరువుంది. మొహం బయటికి ఉండేలా పట్టుకుని మా వీధి చివరి కూడలి వైపు నడిచాను. నలభై అడుగులు ఉంటుందేమో. రోడ్డంతా ఖాళీ. అరచేతుల కింద ఏదో మెల్లగా కొట్టుకుంటోంది. నా గుండే అయ్యుంటుందనుకున్నాను. నా గుండె అంత నిదానంగా కొట్టుకోవడం లేదు.

కూడలి మధ్యలో నిలబడి తలపైకి ఎత్తాను. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. కొట్టాల్సింది నా కూతురి మొహాన్ని. ఆ చెంపలు, ఆ పెదవి, ఎడమ కనుబొమ మీది చిన్న గాటు కూడా వదలకుండా చెక్కాను. ఏ తల్లి కొడుతుంది?

"అమ్మా."

ఇంటి వైపు నుంచా... నా తలపైనుంచా... తెలియలేదు. తిరిగి చూశాను. చరిత గది కిటికీలో లైటు వెలుగుతోంది. కర్టెన్ పక్కకి తీసి చరిత నిలబడి ఉంది. అద్దానికి మొహం ఆనించి నన్నే చూస్తోంది. నా తలపైన కాయ వేడెక్కుతోంది. చేతులు కాలుతున్నాయి.

కళ్ళు మూసుకుని నేలకేసి కొట్టాను.

దీపం ఆరిపోయింది. గుమ్మడికాయ పగిలితే ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. అది అలా వినిపించలేదు. వంగి చూడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అత్తయ్య మెట్ల కింద చెంబుతో నిలబడి ఉన్నారు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాను. తలుపు గడియ వేసి దానికి ఆనుకుని నిలబడ్డాను. అయిపోయింది అనుకున్నాను. నిజంగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది.

ఇల్లంతా పోపు వాసన. చరిత మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటోంది. నుదురు చల్లగా ఉంది. తొమ్మిది రోజుల తరవాత పిల్ల ముద్ద మింగడం చూసి నాకు కళ్ళు తడి అయ్యాయి. ఏం వండారు అత్తయ్యా, అంత ఇష్టంగా తింటోంది అని అడిగాను.

"దప్పళం. పెద్దకాయ ముక్కలు గిన్నెలో పెట్టావు కదా గట్టు మీద..."

ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. పెద్దకాయని నేను చెత్తలో పడేసిన సంగతి ఆవిడకి తెలియదు. నా మొహం చూసి తెలుసుకున్నారు. గరిటె ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది. ఇది మూడోసారి వడ్డించడం అన్నారు, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు.

నేను పరిగెత్తి కంచం లాగేశాను. ఖాళీ అయిపోయింది. చరిత వేళ్ళు నాక్కుని, కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చింది. తడిగా ఉన్న నా కాళ్ళకేసి చూసింది. రేపు స్కూలుందా అని అడిగినంత మామూలుగా, మెల్లిగా అడిగింది.

"అమ్మా, నన్నెప్పుడు పగలగొడతారు?"

ఇది జరిగి పదకొండు రోజులైంది. చరితకి మళ్ళీ జ్వరం రాలేదు. స్కూలుకి వెళుతోంది, హోంవర్క్ చేస్తోంది, రెండు కిలోలు బరువు పెరిగింది. డాక్టరు భుజం తట్టి పంపించారు. కిటికీలోంచి ఆ కొట్టడం చూసి పిల్ల జడుసుకుందని, కొన్నాళ్ళకి మరిచిపోతుందని బాబీ అంటాడు. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను. అత్తయ్య మాత్రం పిల్లకి ఎదురుపడకుండా తిరుగుతారు, రాత్రి వేరే గదిలో పడుకుంటారు. రోజూ సాయంత్రం అజాన్ వేళకి చరిత నా దగ్గరికి వచ్చి అదే మాట అడుగుతుంది. అలా అనకూడదమ్మా అని ఒళ్ళోకి తీసుకుంటాను. సరే అని వెళ్ళి ఆడుకుంటుంది.

నిన్న సాయంత్రం కూడా వచ్చింది. నేను బట్టలు మడత పెడుతున్నాను. పక్కన కూర్చుని ఒక జేబురుమాలు తనే మడిచి ఇచ్చింది. తరవాత చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరో వింటారన్నట్టు చాలా మెల్లిగా అడిగింది.

"అమ్మా, మా ఇద్దర్నీ ఒకేసారి పగలగొడతారా?"